కారవాన్ దగ్గర్లో కొనాలా, దూరం పోయి తెచ్చుకోవాలా?

బండి సంగతులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

మేడారం జాతరకో, బాసరకో, లక్నవరానికో కుటుంబంతో పోయి బండిలోనే వండుకుని, బండిలోనే పడుకోవాలనుకునే వాళ్లు ఈసారి ఎక్కువగా రాశారు. కారవాన్ ఎక్కడ కొనాలన్నది అందరి ప్రశ్న. ఎవరి పరిస్థితి వాళ్లది కాబట్టి విడివిడిగా జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నలుగురు పడుకునే కారవాన్ కొనాలనుకుంటున్నాం. ఇక్కడి షోరూంలో టెంపో ట్రావెలర్ చాసిస్ (ఇంజన్, చక్రాలు ఉన్న అడుగు చట్రం) తీసుకుని హైదరాబాద్‌లో బాడీ కట్టించుకోవడం ఒక దారి. ఢిల్లీ దగ్గరి ఒక కంపెనీ మాత్రం తయారుగా ఉన్న బండిని మూడు లక్షలు తక్కువకే ఇస్తానంటోంది. ఏది మేలు?
— విశ్రాంత అధ్యాపకుడు, హనుమకొండ

జవాబు: ధర సంగతి తర్వాత. లోపలి ఇల్లు పాడైతే ఎవరు బాగుచేస్తారు, ఎక్కడ చేస్తారు? ముందు దీనికి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

కారవాన్‌లో వారంటీ ఒకటి కాదు, మూడు. ఇంజన్, గేర్‌బాక్స్, బ్రేకులు, స్టీరింగ్ చాసిస్ కంపెనీవి. బండి ఎక్కడ కొన్నా వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో ఉన్న ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్ చూసుకోవాల్సిందే. ఫ్రిజ్, ఏసీ, ఇన్వర్టర్, బ్యాటరీ వాటి వాటి కంపెనీలవి. బిల్లులు మీ పేరిట ఉంటే వాటితోనూ పెద్ద చిక్కు లేదు. ఇక గోడలు, పైకప్పు, కిటికీలు, మంచాలు, నీళ్ల పైపులు, లోపలి వైరింగు పూర్తిగా కట్టినవాళ్ల బాధ్యత. మొదటి ఏడాదిలో ఇబ్బంది పెట్టేది ఎక్కువగా ఈ మూడో భాగమే. కొత్త చెక్క ఎండకు, చెమ్మకు సర్దుకుంటుంది. కుదుపులకు స్క్రూలు వదులవుతాయి. పైపు జాయింట్లు చెమరుస్తాయి. మన దగ్గర మే నెలలో రేకు మీద చెయ్యి పెట్టలేనంత వేడి, జూన్ రాగానే వాన. ఆ సాగుడు, ముడుచుకోవడంలో సందులు మూసే సీలెంటు అంచులు విడిపోతాయి. ఇవన్నీ చిన్న పనులే. కానీ కట్టినవాళ్లు 1,500 కిలోమీటర్ల దూరంలో ఉంటే చిన్న పనికీ తల ప్రాణం తోకకొస్తుంది.

లెక్క చూడండి. లీటరుకు 9 కిలోమీటర్ల చొప్పున పోను రాను 3,000 కిలోమీటర్లకు 330 లీటర్ల పైగా డీజిల్ కావాలి. లీటరు 95 రూపాయలనుకున్నా 31 వేలు దాటుతుంది. టోల్, డ్రైవరు బత్తా, వారం పది రోజుల సమయం అదనం. వారంటీ పత్రంలో "మా వర్క్‌షాపుకు తెచ్చినచో" అన్న మాట ఉందో లేదో చూడండి. ఉంటే వారంటీ కింద చేసే ప్రతి పనికీ ఇంత ఖర్చు మీ నెత్తిన పడుతుంది.

మూడు లక్షల తేడా ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తేలాలి. జీఎస్టీ రేటు ఢిల్లీలోనైనా హైదరాబాద్‌లోనైనా ఒకటే. తెల్ల బోర్డు మీద సొంతానికి నడిపే బండికి లైఫ్ ట్యాక్స్ ఎలాగూ తెలంగాణలో కట్టాలి. కాబట్టి "మా దగ్గర ట్యాక్స్ తక్కువ" అన్నది నిలబడే మాట కాదు. తేడా ఉంటే సరుకులో ఉంటుంది, లేదా కొటేషన్‌లో రాయకుండా వదిలేసిన వాటిలో ఉంటుంది. ఇద్దరి దగ్గరా చాసిస్ ఎక్స్-షోరూం ధర, బాడీ ధర, ఒక్కో పరికరం పేరు, మోడల్, ధర, జీఎస్టీ, ఇన్సూరెన్స్, తాత్కాలిక రిజిస్ట్రేషన్, బండి చేరవేసే ఖర్చు విడివిడిగా రాయించుకోండి. ప్లైవుడ్ ఏ రకమో అడగండి. నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర ఉంటుంది, మామూలు ప్లైవుడ్ మీద ఐఎస్ 303 ఉంటుంది. బాత్రూం గోడకు రెండోది వాడితే రెండు వానాకాలాల్లో అంచులు ఉబ్బుతాయి. గోడల్లో, కప్పులో వేడిని ఆపే పొర ఏమిటో, ఎన్ని మిల్లీమీటర్లో రాయించండి. బ్యాటరీ లిథియమా, లెడ్ యాసిడా, దాని సామర్థ్యం ఎన్ని ఆంపియర్-అవర్లో కూడా రాసి ఉండాలి. ఇవన్నీ ఒకే గాటన కట్టి పోల్చినప్పుడు మూడు లక్షల తేడా చాలాసార్లు సగానికి పడిపోతుంది.

హైదరాబాద్ మీకు దాదాపు 150 కిలోమీటర్లు. పొద్దున పోయి రాత్రికి తిరిగి రావచ్చు. దీనివల్ల అన్నిటికన్నా పెద్ద లాభం, పని నడుస్తుండగా చూడగలగడం. గోడల లోపలి పలకలు బిగించేముందు ఒక రోజు తప్పకుండా పోండి. వైర్లు ఎటు పోతున్నాయి, ఇనుప అంచు తాకే చోట వైరు కోసుకుపోకుండా రబ్బరు గ్రోమెట్ (రింగు) వేశారా, నీళ్ల పైపు జాయింట్లు ఎక్కడెక్కడ ఉన్నాయి అన్నవి ఫొటోలు తీసుకోండి. పలకలు మూసేశాక ఇవేవీ కనపడవు. ఐదేళ్ల తర్వాత హనుమకొండలో ఒక ఎలక్ట్రీషియన్ మీ బండి విప్పాల్సి వస్తే ఆ ఫొటోలే ఆధారం.

అయితే దగ్గర అన్న ఒక్క కారణంతో ఎవరితో పడితే వాళ్లతో కట్టించకండి. మోటార్ కారవాన్ల కోసం ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. పుణేలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి సంస్థలు పరీక్షించి అనుమతి పత్రం ఇస్తాయి. మీరు కొనే చాసిస్ మోడల్, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఆ పత్రంలో ఉండాలి. ఒక వీల్‌బేస్‌కు వచ్చిన అనుమతిని చూపించి ఇంకోదాని మీద కడితే రిజిస్ట్రేషన్ దగ్గర బండి ఆగిపోతుంది. అందుకే చాసిస్ బుక్ చేయకముందే ఈ పత్రం అడగాలి.

మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. హైదరాబాద్ బిల్డర్‌కు అనుమతి ఉంటే, రెండు మూడు లక్షలు ఎక్కువైనా అక్కడే కట్టించండి. అనుమతి లేకుంటే మొహమాటం లేకుండా దూరంవాళ్ల దగ్గరికే పోండి. కానీ "లోపలి పనులకు హైదరాబాద్‌లో ఫలానా వర్క్‌షాపులో చేయిస్తాం, ఖర్చు మాది" అని లెటర్‌హెడ్ మీద తీసుకోండి. ఫోన్లో ఇచ్చిన మాట లెక్కలోకి రాదు.

ప్రశ్న: బెంగళూరులో తయారైన కారవాన్ ఖాయం చేశాం, బయానా ఇచ్చాం. వచ్చే నెల డెలివరీ. అక్కడికి పోయినప్పుడు ఏమేం చూసుకోవాలి? రోజంతా పడుతుందా?
— వ్యాపారి, కరీంనగర్

జవాబు: ఒక రోజు చాలదు, రెండు పగళ్లు, ఒక రాత్రి పెట్టుకోండి. ఆ రాత్రి వాళ్ల ఆవరణలో బండిలోనే పడుకోండి. మిగిలిన సొమ్ములో కనీసం పది శాతం పరీక్షలు అయ్యేదాకా మీ దగ్గరే ఉండాలి. డబ్బంతా కట్టాక అడిగితే "ఊరికి పోయాక చూద్దాం సార్" అంటారు.

మొదట నీళ్ల పరీక్ష పెట్టండి, ఎందుకంటే అందులో తప్పు తేలితే బాగుచేయడానికి వాళ్లకు సమయం కావాలి. పైపు పెట్టి బయట నుంచి నీళ్లు కొట్టించండి. చాలామంది నేరుగా కప్పు మీద కొట్టి లోపల చూస్తారు. అలా చేస్తే లీకు ఉందని తెలుస్తుంది గానీ ఎక్కడుందో తెలియదు. కింది నుంచి మొదలుపెట్టాలి. ముందు గోడ కింది అంచు, తర్వాత కిటికీల కింది మూలలు, తర్వాత పై మూలలు, చివర కప్పు. ఒక్కో చోట ఐదేసి నిమిషాలు. లోపల ఒక మనిషి టార్చ్‌తో ఉండాలి. తడి కనపడగానే ఆపితే లీకు ఆ ఎత్తులోనే ఉందని అర్థం. ఏసీ కోసం కోసిన రంధ్రం, పైకప్పు కిటికీ, సోలార్ వైర్లు దిగే చోటు, పక్క పందిరి బోల్టులు, వెనక దీపాల చుట్టూ ఎక్కువ అనుమానించాలి. అంచుల కింద బ్యూటైల్ టేపు, పైన పాలియురెథేన్ సీలెంటు వేసి ఉంటే మంచి పని. ఉత్త సిలికాన్ పూసి వదిలితే అది విడిపోయాక దాని మీద మరేదీ అంటదు. మొత్తం గీకి తీసి మళ్లీ చేయాల్సిందే.

తర్వాత లోపలి నీళ్లు. ట్యాంకు నింపి, కుళాయిలన్నీ ఒకసారి తిప్పి గాలి పోనిచ్చి, అన్నీ కట్టేసి, పంపు స్విచ్ వేసి ఉంచండి. ఒత్తిడి అందగానే పంపు ఆగాలి. అరగంట చప్పుడు లేకుండా ఉండాలి. కుళాయిలు మూసి ఉన్నా మధ్యమధ్యలో "టర్ర్" మని మోగి ఆగుతోందంటే ఎక్కడో కారుతోంది. సింకు కింద, గీజరు వెనక, పంపు దగ్గర జాయింట్లను టిష్యూ కాగితంతో తుడిచి చూడండి. కంటికి కనపడని చెమ్మ కాగితం మీద కనపడుతుంది. వాడిన నీళ్ల ట్యాంకు కూడా నింపి, వాల్వు తిప్పి పూర్తిగా ఖాళీ అవుతుందో లేదో చూడండి. వాలు సరిగా పెట్టకపోతే అడుగున నీళ్లు నిలిచి వారంలో వాసన మొదలవుతుంది.

కరెంటు విషయంలో మూడు పనులు. బయటి కరెంటు కలిపి, షాక్ కొట్టకుండా కరెంటు ఆపే ఆర్సీసీబీ స్విచ్ మీద ఉన్న టెస్ట్ బటన్ నొక్కండి. వెంటనే పడిపోవాలి. దాని మీద 30 మిల్లీ ఆంపియర్లు అని ఉండాలి. రెండోది, బ్యాటరీ ప్లస్ వైరు మీద బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉందా? లేకుంటే ఆ బండి తీసుకోకండి. 12 వోల్టుల మీద 2,000 వాట్ల ఇన్వర్టర్ నష్టాలతో కలిపి 180 ఆంపియర్ల పైన లాగుతుంది. ఆ తీగ ఎక్కడైనా రాపిడికి తగిలితే ఫ్యూజు ఒక్కటే మంటను ఆపేది. తీగ మందం 50 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. మూడోది, ఇన్వర్టర్ మీద ఇండక్షన్ స్టవ్ పావుగంట నడిపించి, తర్వాత ఆ తీగల కొసల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే పర్వాలేదు, కాలుతుంటే క్రింపింగ్ (తీగ కొసకు లగ్గు నొక్కి బిగించడం) సరిగా లేదు.

గ్యాస్ ఉంటే రెగ్యులేటర్ నుంచి స్టవ్ దాకా ప్రతి జాయింటుకూ సబ్బునీళ్లు రాయండి. ఎల్పీజీ గాలికన్నా బరువు, కిందికి దిగుతుంది. అందుకే సిలిండర్ అరలో నేల మట్టంలో బయటికి తెరుచుకునే రంధ్రం ఉండాలి. పైన జాలీ పెట్టి గాలి వస్తుందని చెబితే ఒప్పుకోకండి.

రెండో రోజు పొద్దున ధర్మకాంట మీద తూకం వేయించండి. ట్యాంకులు నిండుగా ఉండాలి, మీ మనుషులంతా ఎక్కాలి. మొత్తం ఒకసారి, ముందు చక్రాలు మాత్రమే ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఒకసారి. చాసిస్ ప్లేటు మీద మొత్తం బరువు పరిమితి, ఇరుసుల పరిమితి ఉంటాయి, వాటితో పోల్చండి. 120 లీటర్ల నీళ్లంటే 120 కిలోలు, నలుగురు మనుషులు దాదాపు 280 కిలోలు, సామాను వందకు తగ్గదు. ఖాళీ బండికే పరిమితి దగ్గరపడి ఉంటే ప్రయాణంలో వెనక కమాన్ పట్టీలు, టైర్లు మోయలేవు. బరువంతా ఒక పక్కకు పెట్టి ఉంటే, ఉదాహరణకు వంటగట్టు, నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు మూడూ ఎడమవైపే ఉంటే, బండి ఆ పక్కకు వాలుతుంది. చదును నేల మీద నిలబెట్టి రెండు వైపులా చక్రం పైన మడ్‌గార్డు ఎత్తు టేపుతో కొలవండి.

టైరు మీద నాలుగు అంకెల తేదీ ఉంటుంది. 3224 అంటే 2024లో 32వ వారం తయారీ. స్టెప్నీ కూడా చూడండి, పాతది పెట్టే చోటు అదే.

తర్వాత యాభై కిలోమీటర్లు నడపండి. అందులో స్పీడ్ బ్రేకర్లున్న ఊళ్ల దారి కూడా ఉండాలి. తిరిగొచ్చాక అరల తలుపులు, మంచం కీళ్లు, ఫ్రిజ్ బిగింపు చూడండి. ఊరికి బయలుదేరాక మొదటి వంద కిలోమీటర్ల దగ్గర ఆగి చక్రాల నట్లు కంపెనీ చెప్పిన టార్క్‌కు మళ్లీ బిగించండి. దొరికిన లోపాలన్నీ ఒక కాగితం మీద రాసి, డెలివరీ చలానా మీద "ఈ పనులు పెండింగ్" అని వాళ్లతో సంతకం చేయించుకోండి. తర్వాత గొడవ వస్తే ఆ కాగితం ఒక్కటే మీ పక్షాన మాట్లాడుతుంది.

ప్రశ్న: డీలరు 200 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీ మీద ఏసీ రాత్రంతా నడుస్తుందంటున్నాడు. జాతరలో కరెంటు దొరకదు కదా, నమ్మొచ్చా?
— రైతు, ములుగు

జవాబు: నమ్మకండి. 12.8 వోల్టుల 200 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఉండేది 2.56 యూనిట్లు. వాడుకోదగ్గ భాగం, ఇన్వర్టర్ నష్టం తీసేస్తే చేతికొచ్చేది రెండు యూనిట్ల పైచిలుకు. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ మొదట వెయ్యి వాట్ల పైన తీసుకుని, గది చల్లబడ్డాక తగ్గుతుంది. సగటున 600 వాట్లనుకున్నా మూడున్నర గంటలకు బ్యాటరీ అయిపోతుంది. తొమ్మిది గంటలు కావాలంటే 5.4 యూనిట్లు, అంటే అలాంటి బ్యాటరీలు మూడు. అసలు జాతర మాఘంలో. రాత్రిళ్లు చలి. అప్పుడు ఫ్యాన్లు, దీపాలు, ఫోన్ చార్జింగ్, ఫ్రిజ్‌కు మీ ఒక్క బ్యాటరీ హాయిగా సరిపోతుంది. మూడు బ్యాటరీల ఖర్చు వేసవి ప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్లకే.

నింపుకోవడం ఎలా అన్నది కూడా అడగండి. 400 వాట్ల సోలార్ పలకలు మంచి ఎండలో రోజుకు దాదాపు 1.6 యూనిట్లు ఇస్తాయి. చెట్టు నీడలో నిలిపితే అదీ రాదు. ఇంజన్ నడుస్తుండగా 30 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జరు ఆరేడు గంటల్లో ఒక బ్యాటరీ నింపుతుంది. హనుమకొండ నుంచి మేడారానికి పోయే మూడు గంటల్లో సగమే నిండుతుంది.

ఒక హెచ్చరిక. ఏసీ కోసం రాత్రి ఇంజన్ ఆన్ చేసి పడుకోకండి, పక్కన జనరేటర్ పెట్టుకోకండి. బండ్లు ఒకదానికొకటి ఆనుకుని నిలిపే చోట పక్కబండి పొగ కూడా మీ కిటికీలోకి వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తల దగ్గర గోడకు ఆ గ్యాస్ అలారం పెట్టించండి. జాతర దగ్గర తాత్కాలిక కరెంటు తీసుకుంటే ఎర్తింగ్ ఉందో లేదో సాకెట్ టెస్టర్‌తో చూశాకే కలపండి.

ప్రశ్న: మా దగ్గర పాత మ్యాక్సీక్యాబ్ ఉంది. సీట్లు తీసేసి వరంగల్ ఆటోనగర్‌లోనే మంచాలు, కిచెన్ పెట్టిస్తే నాలుగో వంతు ఖర్చుతో అయిపోతుందంటున్నారు. చేయించొచ్చా?
— టూరిస్టు బండి యజమాని, నర్సంపేట

జవాబు: పనివాళ్ల నైపుణ్యానికి లోటు లేదు. అడ్డం వచ్చేది చట్టం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే చెప్పింది. ఆర్సీలో మ్యాక్సీక్యాబ్, ఇన్ని సీట్లు అని ఉండి లోపల మంచాలుంటే ఫిట్‌నెస్ దగ్గర ఆగుతుంది. అంతకన్నా పెద్ద నష్టం, ప్రమాదమో మంటో జరిగినప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ ఈ మార్పును చూపించి క్లెయిమ్ తిరస్కరించే వీలుంటుంది. రవాణా అధికారి ముందస్తు అనుమతి లేకుండా ఒక్క సీటు కూడా విప్పకండి. ఊడదీసి పెట్టుకునే పరుపులు, మడత మంచం, డబ్బాలో సర్దుకునే వంట సామాను వంటివాటితో సరిపెట్టుకోవచ్చు. నిర్మాణం మారదు కాబట్టి వాటితో తంటా లేదు. ఆటోనగర్ పనివాళ్లు రేపు అనుమతి ఉన్న కారవాన్ కొన్నాక మీకు ఎంతో పనికొస్తారు. మంచం కీలు, కిటికీ రబ్బరు, టైరు మార్పు వంటివి వాళ్లే చేస్తారు.

ప్రశ్న: వేరే రాష్ట్రంలో కొని అక్కడి బంధువుల అడ్రసు మీద రిజిస్ట్రేషన్ చేయిస్తే లైఫ్ ట్యాక్స్ మిగులుతుందని డీలరే చెబుతున్నాడు. నిజమా?
— ఉద్యోగి, మంచిర్యాల

జవాబు: మిగలదు, తలనొప్పి మిగులుతుంది. బండి మామూలుగా ఉండే రాష్ట్రంలోనే రిజిస్ట్రేషన్ చేయించాలన్నది చట్టం. ఒక రాష్ట్రం బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. అప్పుడు ఇక్కడ ట్యాక్స్ కట్టి, అక్కడ కట్టినదాంట్లో మిగిలింది వెనక్కి రాబట్టుకోవడానికి ఆ రాష్ట్రం ఆఫీసు చుట్టూ తిరగాలి.

సరైన దారి ఇది. దూరం డీలరు దగ్గర ఇన్‌వాయిస్ మీ మంచిర్యాల అడ్రసు మీద తీసుకోండి. అక్కడ తాత్కాలిక రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ చేయించి, రెండూ చేతికొచ్చాకే బండి రోడ్డెక్కించండి. ఇన్సూరెన్స్‌లో బండి విలువ కింద చాసిస్ ధర ఒక్కటే రాశారేమో చూసుకోండి. బాడీ, పరికరాల బిల్లులు చూపించి వాటి విలువ కూడా చేర్పించాలి. లేకుంటే పది లక్షల ఇల్లు కాలిపోయినా పైసా రాదు. ఇక్కడికొచ్చాక ఫారం 20 దరఖాస్తు, డీలరు ఇచ్చే ఫారం 21, చాసిస్ కంపెనీ ఫారం 22, బాడీ విడిగా కట్టినందుకు ఫారం 22ఏ, అనుమతి పత్రం నకలు, అప్పుంటే దాని పత్రాలతో బండిని ఆర్టీఏ తనిఖీకి తీసుకుపోవాలి. ఎక్కువగా ఆగేది ఫారం 22ఏ దగ్గరే. అందులో బాడీ బిల్డరు నింపి సంతకం పెట్టాల్సిన భాగం ఖాళీగా వదిలేస్తారు. దూరం నుంచి కొన్నవాళ్లు దాన్ని సరిచేయించుకోవడానికి కొరియర్ల మీద కొరియర్లు పంపాల్సి వస్తుంది. అక్కడే నిలబడి చూసుకోండి. ఆర్సీలో తరగతి సొంత వాడకపు క్యాంపర్ అని పడాలి. అద్దెకు తిప్పే ఆలోచన ఉంటే మొదటే చెప్పి పసుపు బోర్డు తీసుకోండి.

ప్రశ్న: ఢిల్లీలో తొమ్మిదేళ్ల డీజిల్ కారవాన్ చాలా చౌకగా వస్తోంది. తెచ్చుకోవచ్చా?
— డ్రైవింగ్ స్కూల్ నిర్వాహకుడు, నిజామాబాద్

జవాబు: చౌకకు కారణం ఉంది. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు నడపకూడదని హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025లో సుప్రీంకోర్టే దాన్ని కొంత సడలించింది, కాబట్టి ఇప్పటి నిబంధన ఏమిటో కనుక్కోండి. గడువు దగ్గరపడిన బండిని వదిలించుకోవాలని అక్కడివాళ్లు చూస్తారు. బండి చెడ్డదని కాదు, కానీ గడువు దాటేలోపు ఎన్వోసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి అభ్యంతరం లేదన్న పత్రం) చేతికి రావడం మేలు. ఫారం 28లో ఎన్వోసీ, ఫారం 29, 30 సంతకాలు, అప్పు తీరిందన్న ఫారం 35, బ్యాంకు లేఖ అన్నీ వచ్చాకే పూర్తి సొమ్ము ఇవ్వండి. ఆర్సీలో తరగతి ఏముందో రవాణా శాఖ వాహన్ వెబ్‌సైట్‌లో చూడండి. కారవాన్ అని కాకుండా మరేదైనా ఉంటే పైన మ్యాక్సీక్యాబ్ ప్రశ్నకు ఇచ్చిన జవాబే మీకూ వర్తిస్తుంది. పెండింగ్ చలాన్లు కూడా అక్కడే కనపడతాయి.

బండి దగ్గర మాత్రం ఇంజన్ కన్నా ముందు గోడలు చూడండి. ఇంజన్‌ను నిజామాబాద్‌లో బాగుచేయించుకోవచ్చు, లోపల కుళ్లిన గోడను ఎవరూ బాగుచేయలేరు. మంచం పరుపు ఎత్తి మూలల్లో బొటనవేలితో నొక్కండి. గట్టిగా ఉండాలి. మెత్తగా దిగితే నీళ్లు తాగింది. గోడను వేలి కణుపుతో తడుతూ పోండి, శబ్దం ఒక్కసారి మారిన చోట లోపల పొర ఊడింది. తలుపులన్నీ మూసి గంటసేపు ఎండలో ఉంచి, తెరవగానే వాసన పీల్చండి. చెమ్మ వాసనను ఏ అగరుబత్తీ దాచలేదు. లోపల అగరుబత్తీ వెలిగించి ఉంటేనే అనుమానించండి.

ప్రశ్న: దూరం నుంచి కొత్త కారవాన్ కొన్నాం. మొదటి వానకే పైకప్పు కారింది. కంపెనీ "ఇక్కడికి తెస్తే చేస్తాం" అంటోంది. కేసు వేయాలంటే వాళ్ల ఊరికే పోవాలా?
— పాఠకురాలు, జగిత్యాల

జవాబు: అక్కర్లేదమ్మా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్, అది దాటి రెండు కోట్ల దాకా రాష్ట్ర కమిషన్. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. ముందు 1915 హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయండి. దాంతోనే కొన్ని కంపెనీలు దిగొస్తాయి.

అప్పటిదాకా లీకును వదిలేయొద్దు. రోజులు గడిచేకొద్దీ ప్లైవుడ్ పోతుంది, అప్పుడు "మీరు పట్టించుకోలేదు" అంటారు. వాన పడుతుండగా తేదీ కనపడేలా వీడియో తీయండి. కంపెనీకి ఈమెయిలు, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపి, "పదిహేను రోజుల్లో మనిషిని పంపండి, లేదా ఇక్కడ బాగుచేయించుకుని బిల్లు పంపుతాం, ఆలోపు టార్పాలిన్ కప్పుతున్నాం" అని రాయండి. జవాబు వచ్చేదాకా వాళ్ల సీలెంటును గీకకండి. టార్పాలిన్‌ను కప్పుకు అతుక్కునేలా కట్టొద్దు, కింద కర్రలు పెట్టి గాలి ఆడనివ్వండి. లేకుంటే లోపలి చెమ్మ బయటికి పోక బూజు పడుతుంది. తడిసిన పరుపులు తీసేసి, రెండు కిటికీలు తెరిచి ఫ్యాన్ పెట్టి ఆరబెట్టండి. గడువు దాటినా కంపెనీ కదలకుంటే రెండు కొటేషన్లు తీసుకుని, తక్కువదానితో ఇక్కడే చేయించి, పాత సీలెంటు తీస్తున్నప్పుడు ఫొటోలు, జీఎస్టీ బిల్లు దాచండి. కమిషన్ ముందు ఖర్చు అడగడానికి అవే కావాలి.

ప్రశ్న: కారు వెనక తగిలించే కారవాన్ ట్రెయిలర్ అయితే డీలరు దూరమైనా ఇబ్బంది ఉండదా?
— పాఠకుడు, భూపాలపల్లి

జవాబు: ఇంజన్ లేదు కాబట్టి చెడిపోయేవి తక్కువ, నిజమే. కానీ ట్రెయిలర్‌కు కూడా వేరే రిజిస్ట్రేషన్, నంబరు కావాలి. మీ కారు ఎంత బరువు లాగగలదో కారు కంపెనీ పుస్తకంలో చూసి, ట్రెయిలర్ నిండు బరువు దానికన్నా తక్కువ ఉంటేనే తీసుకోండి. ఇరుసు బేరింగ్‌లు, బ్రేక్ షూలు ఏ సైజువో, మన దగ్గర దొరుకుతాయో డీలరును నంబర్లతో సహా అడగండి. బయటి దేశం నుంచి తెచ్చిన ఇరుసు వేసి ఉంటే ఒక జత బేరింగ్‌లు కొన్నరోజే తెచ్చిపెట్టుకోండి. నడుస్తుండగా అందులో ఎవరూ కూర్చోకూడదు. ములుగు దారిలో అడవి మలుపుల దగ్గర వెనక్కి తిప్పడం అలవాటు లేనివాళ్లకు కష్టం, కాబట్టి డెలివరీ రోజున వాళ్ల ఆవరణలోనే రివర్స్ నేర్చుకుని బయలుదేరండి.